తూము వంతెన మీద ప్రార్థన

రాత్రంతా వల వేసి వట్టి చేతులతో ఒడ్డుకు వచ్చిన తనవాళ్ల కోసం, తెల్లవారుజామున తానే నిప్పులు రాజేసి, వాటి మీద చేపలు కాల్చి పెట్టిన ప్రభువుకు ముందుగా స్తోత్రం. ఆ చేతులకు అప్పటికే మేకుల గాయాలున్నాయి. గాయపడిన చేతులతో ఇంకొకరి ఆకలి తీర్చిన ఆ దేవుణ్ణి స్తుతించకుండా నా చిన్నతనం గురించి ఒక్క మాట కూడా రాయలేను.

మొన్న ఈస్టరు ఉదయం తిరుపతిలో మా చర్చి ఆవరణలో కుర్రవాళ్లు ఇనుప జల్లెడ మీద చేపలు కాల్చారు. మంచు పెట్టెల్లో వచ్చిన చేపలు, నిమ్మరసం, పొట్లాల మసాలా. వాసన బాగానే ఉంది కానీ అందులో చెరువు లేదు. పాచి లేదు, ఎండకు పగిలిన బురద లేదు. అయినా బొగ్గుల మీద చేప తోలు చిటపటమన్న ఆ చప్పుడుకు అక్కడ ఉండలేక, గోడ పక్కకు వెళ్లి నిలబడ్డాను. ఏమైందమ్మా అని నా కూతురు అడిగింది. ఎండ అన్నాను. ఆ చప్పుడు వింటే నాకు నెత్తురు గుర్తొస్తుందని పండగపూట చెప్పాలనిపించలేదు.

మా ఊరు కార్వేటినగరానికి దగ్గర. చెరువు పెద్దది, నిండిన ఏడు అవతలి గట్టు మీద మనిషి చీమంత కనిపిస్తాడు. కట్ట నుంచి నీళ్లలోకి పొడుచుకుపోయిన ఒక రాతి వంతెన, దాని చివర తూము తలుపు తిప్పే ఇనుప చక్రం. మేమందరం దాన్ని తూము వంతెన అనే వాళ్లం. నీళ్లు అక్కడే లోతు, అక్కడే చల్లన, ఎండాకాలం వస్తే చేపలన్నీ అక్కడికే చేరేవి. మామిడి పిందెలు రాలే రోజుల్లో, చింతపండు కొట్టే చప్పుడు ప్రతి వసారాలోనూ వినిపించే రోజుల్లో, మగవాళ్లు పని దిగి ఆ వంతెన మీద వరసగా కూర్చుని, నెమలి ఈక కాడను బెండుగా కట్టిన గాలాలు వేసేవాళ్లు. ఈక మునగగానే ఒక్క గుంజు. కొరమేను గాల్లోకి లేచి రాతి మీద పడి కొట్టుకునేది. ఆ రాళ్ల సందుల్లో ఎప్పుడూ పొలుసులు మెరుస్తుండేవి. మేం ఆడపిల్లలం కట్ట మీద గచ్చకాయలు ఆడుతూ, ఎవరి నాయన పట్టిన చేప పెద్దదని వాదించుకునే వాళ్లం.

మా కాలనీలో ఒక ఆచారం ఉండేది. ఈస్టరు ముందు నలభై శ్రమదినాలన్నీ మాంసం, చేప ముట్టేవాళ్లం కాదు. గుడ్‌ఫ్రైడే మరునాడు, శనివారం పొద్దున, చర్చి సంఘంలోని మగవాళ్లంతా తూము వంతెన మీదికి వెళ్లి కొరమేనులు పట్టేవాళ్లు. వాటిని నీళ్ల కుండల్లో వేసి బతికించి, కొట్టంలాంటి మా చిన్న గుడి వసారాలో పెట్టేవాళ్లు. ఈస్టరు రోజు చీకటి విడవకముందే కట్ట మీద ఆరాధన. సూర్యుడు నారాయణవనం కొండల మీదికి రాగానే అక్కడే నిప్పులు వేసి, ఉప్పూ కారమూ పట్టించిన చేపలు కాల్చి, రాగిరొట్టెతో కలిసి తినడం. ఆ చేప కొనకూడదు. అడిగి తెచ్చుకోకూడదు. సంఘం తన చేత్తో పట్టినదే కావాలి. మా తాతల కాలంలో ఎవరు పెట్టిన నియమమో తెలియదు కానీ, దాన్ని మేము బైబిలు వాక్యమంత గట్టిగా పట్టుకున్నాం.

నేను నాలుగో తరగతిలో ఉండగా చెరువును చేపల సొసైటీకి ఇచ్చారు. సభ్యులంతా చేపలు పట్టి బతికే పల్లెకారు ఇళ్లవాళ్లు. వాళ్లు చేపపిల్లలు కొని తెచ్చి చెరువులో వదిలారు, వాటికి మేత వేశారు, కొంగల్ని తోలారు. అది వాళ్ల కూడు. ఆ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు మా ఇళ్లలో ఎవరూ చెప్పలేదు. వంతెన మొదట్లో ఇనుప గేటు పెట్టి, సభ్యులు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని బోర్డు రాసి, ఏకాంబరాన్ని కాపలా పెట్టారు. ఏకాంబరం మా నాయనతో కలిసి మామిడి తోటల్లో కాయలు కోసినవాడే. నాయనను దేవదాసన్నా అని పిలిచేవాడు.

ఆ ఏడంతా చెరువు దగ్గర నెత్తురు కారని నెల లేదు. పుత్తూరు నుంచి సైకిల్ మీద గాలాలు తెచ్చుకునే ఒక సాయిబు చేతిని గేటు సందులో పెట్టి నొక్కితే వేళ్లు చితికాయి. ఆయన కట్ట మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడవడం నేను చూశాను. దానికి ప్రతిగా ఎవరో సొసైటీ వలలను కొడవలితో ముక్కలు చేశారు. వలలు పోయిన కోపంలో వాళ్లు మా కాలనీ కుర్రవాడొకణ్ణి పట్టుకుని, గాలం ముల్లును వాడి పెదవికి గుచ్చి, దారం పట్టి కట్ట పొడుగునా నడిపించారు. వాడి పెదవి చీలికగానే మానింది. పిల్లలం మేము కూడా చీపురు పుల్లలతో గేటు కట్టి, సభ్యులూ బయటివాళ్లూ అని జట్లుగా విడిపోయి, నిజంగానే రాళ్లు విసురుకునే వాళ్లం. నా నుదుటి మీది మచ్చ ఆ ఆటలోదే.

ఈస్టరు దగ్గరపడింది. సొసైటీ పెద్ద మా నాయనకు కబురు పెట్టాడు. నాయన సంఘపెద్ద. పండగకు కావలసిన చేపలు ఊరికే పంపిస్తామని, గంప పట్టుకుని ఎవరో ఒకరు వస్తే చాలని, వంతెన మీదికి మాత్రం రావద్దని ఆ కబురు. శుక్రవారం ఆరాధన అయ్యాక గుడిలోనే దాని మీద మాటామాటా పెరిగింది. తీసుకుందాం, అదీ దేవుడిచ్చినట్టే అని నాయన అన్నాడు. ఆయన తమ్ముడు, మా ఏసోబు చిన్నాయన లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, కబేళాలో పని, కోపం వస్తే మెడ నరాలు తాళ్లలా ఉబ్బేవి.

"ఎంగిలి చేప తెచ్చి ప్రభువు పేరు చెప్పి తినాల్నా? నువ్వు గంప మోసుకోని పో అన్నా, నేను మాత్రం గాలంతోనే పోతా."

సంఘం చిన్నాయన వైపే నిలిచింది. నాయన తల వంచుకున్నాడు. సంఘపెద్దగా ముందు నడవడం తన బాధ్యత కాబట్టి, ఇష్టం లేకపోయినా తానే ముందు నడుస్తానన్నాడు. ఆ రోజు పట్నం నుంచి వచ్చిన పాస్టరుగారు ఎంతో మనసు పెట్టి చెప్పిన ప్రసంగం తోటలో ప్రభువును పట్టుకున్న ఘట్టం మీద: శిష్యుడు కత్తి దూసి, పట్టుకోవడానికి వచ్చిన ఒక దాసుడి చెవి నరికితే, ప్రభువు ఆ చెవిని ముట్టి బాగు చేశాడని. ఆ మాటలు అందరి చెవుల్లో ఇంకా తడిగా ఉన్నాయి.

శనివారం పొద్దున మగవాళ్లు గాలాలతో, ఆడవాళ్లమూ పిల్లలమూ కుండలతో కట్ట ఎక్కాం. గేటుకు తాళం. లోపల ఏకాంబరం ఒక్కడే, చేతిలో పుట్టి తోసే తెడ్డు.

"దేవదాసన్నా, నీ కాళ్లు మొక్కుతా, ఎనక్కి పోండి. మిమ్మల్ని లోపలికి ఇడిస్తే రేపు నా ఇంటికి కూడు లేదు."

నాయన ఏదో చెప్పబోయాడు. వెనకనుంచి మావాళ్లు గేటును నెట్టారు. అది తుప్పు పట్టిన బందులతో సహా ఊడి పడింది. ఏకాంబరం కాలు దాని కింద పడింది. నొప్పికి కళ్లు కనపడక వాడు తెడ్డు ఎత్తి కొట్టాడు. ముందున్నది నాయన. ఎముక విరిగిన చప్పుడు చింతకొమ్మ విరిగినట్టు వినిపించింది. మరుక్షణం చిన్నాయన నడుమున దోపుకున్న కత్తి తళుక్కుమంది. ఏకాంబరం కుడి చెవి రాతి మీద, పొలుసుల మధ్య పడింది.

ఏకాంబరం చెయ్యి తలకు అదుముకుని, వేళ్ల సందుల్లోంచి కారుతున్న నెత్తురును చూస్తున్నాడు. చిన్నాయన కత్తి నీళ్లలో జారవిడిచాడు. అప్పుడు నాయన వంగి ఆ చెవిని తీసి, చెరువు నీళ్లలో కడిగి, ఏకాంబరం ముందు మోకరించి, దాన్ని దాని చోట పెట్టి పట్టుకున్నాడు.

"అన్నా, అతుక్కుంటాదా?" అన్నాడు ఏకాంబరం.

"అతుక్కుంటాది, నమ్ముకో."

సంఘమంతా ఆ రాళ్ల మీద మోకరించింది. ఆస్పత్రి మాట ఒక్కరూ ఎత్తలేదు. చేసిన పాపం మాది, బాగుచేయగలవాడు మా దేవుడు, నిన్ననే విన్నాం. ఇంకేం కావాలి అనుకున్నాం. ఏడ్చాం, ఉపవాసంతో ఎండిన గొంతులతో అరిచాం, పాటలు పాడాం. నేను కళ్లు గట్టిగా మూసుకుని, తెరిచేసరికి చెవి అతుక్కుని ఉంటుందని ఎదురుచూశాను. ఎండ నడినెత్తికి ఎక్కింది. ఈగలు వచ్చాయి. ఏకాంబరం భార్య మునెమ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చి, చెప్పు తీసి నాయన ముఖం మీద కొట్టి, మొగుణ్ణి లాక్కుని పోయేదాకా మేము లేవలేదు. నాయన చేతిలో చెవి నల్లబడి మిగిలింది. వెంటనే తెచ్చుంటే కుట్టి చూసేవాణ్ణని పుత్తూరు డాక్టరు అన్నాడట.

సాయంత్రానికి పోలీసులు చిన్నాయనను కొట్టుకుంటూ తీసుకుపోయారు. పొద్దు గుంకకముందే సొసైటీవాళ్లు వచ్చి మా గుడికి నిప్పు పెట్టారు. ఖాళీ కుండలు పగిలిన చప్పుడు, బోదగడ్డి కప్పు మండిన వెలుగు. ఈస్టరు తెల్లవారింది. నిప్పులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. కాల్చడానికి చేప లేదు. నాయన ఆ నిప్పుల ముందు కూర్చుని ఆరాధన నడిపించాడు.

ఆయన భుజం వంకరగానే అతుక్కుంది. చేప మళ్లీ ముట్టలేదు. చనిపోయేదాకా ప్రతి ప్రార్థనలోనూ ఏకాంబరం పేరు ఎత్తేవాడు. చిన్నాయన జైలు నుంచి వచ్చాక మా ఊళ్లో ఉండలేక పూతలపట్టు వైపు వెళ్లిపోయి అక్కడే పోయాడు.

ఈ ఈస్టరు అయిన వారానికి నేను చెరువు చూడటానికి వెళ్లాను. రాతి వంతెన లేదు. దాని చోట సిమెంటు జెట్టీ, ఇంకా ఎత్తైన గేటు, అదే బోర్డు. కార్లలో వచ్చిన కుర్రవాళ్లకూ సొసైటీకీ మొన్ననే గొడవ జరిగి ఒకడి తల పగిలిందట. గేటు ఊచ మీద మరక ఎండి ఉంది. నెమలి ఈక బెండ్లు, నీళ్ల కుండలు, కట్ట మీది ఆరాధన, ఏదీ మిగల్లేదు. గేటు పక్క కుర్చీలో ఏకాంబరం ఉన్నాడు, ముసలివాడై, తలకు తువ్వాలు చుట్టుకుని. నేను ఎవరి కూతుర్నో చెప్పాను. ఎడమ పక్కకు వచ్చి నిలబడమన్నాడు.

ఆ రోజు మిమ్మల్ని వదిలించుకుని ఆస్పత్రికి ఎందుకు పోలేదని అడిగాను. ఎన్నో ఏళ్లుగా నా గొంతులో ఉన్న మాట అది.

"మీరంతా కండ్లు మూసుకోనుండారు, పాపా. నేనొక్కణ్ణే తెరుసుకోనుండా," అన్నాడు. "నేను ఇరగ్గొట్టిన బుజం సొక్కా కింద గూను మాదిర లేసుండాది. ఆ సేత్తోనే నా సెవి పట్టుకోనుండాడు మీ నాయన. వణకతా ఉండాది, ఇడవలేదు. ఆ సెయ్యి తోసేసి యాడికి పోయేది?" తలకు చుట్టిన తువ్వాలు సర్దుకుని, "అంతమంది నా సెవికి మొక్కినారు గానీ, ఆయన బుజానికి ఒక్కరూ మొక్కలేదే," అన్నాడు.

నిజమే. మేమెవరమూ చూడలేదు. చెరువు చూసి పోతానని గేటు వైపు నడిచాను; మెంబరువు కాదు గదమ్మా అని ఆయన మెల్లగా అన్నాడు. నేను ఇవతలే నిలబడి నీళ్లు చూసి వచ్చేశాను.

ఇది చదివే అన్నలారా, అక్కలారా, మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచినా సరే, నాతో కలిసి ఒక్కసారి ప్రార్థించండి. గేటుకు ఇవతల ఉన్నవాళ్ల కోసం, అవతల ఉన్నవాళ్ల కోసం, మొన్న తల పగిలిన ఆ కుర్రవాడి కోసం. కళ్లు మాత్రం మూసుకోకండి. ఎదుటివాడి భుజం చూస్తూ ప్రార్థించండి. ఆమెన్.