పంచ్ పడని పది నిమిషాలు

సోమవారం పొద్దున బస్సు నాచారం చౌరస్తా దాటుతుండగా ఫోన్ మోగింది. పాత కంపెనీలో నా కింద ప్యాకింగ్ చేసిన అమ్మాయి. "మేడం, అక్క పోయింది. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నదట, గట్లనే ఒరిగిపోయిందట," అంది. ఏ అక్క అని నేను అడగలేదు. ఆ కంపెనీలో పేరు చెప్పకుండా అక్క అంటే ఒక్కరే.

తర్వాతి స్టాపులో దిగిపోయాను. ఆఫీసుకు వెళ్లాలా, ఉప్పల్‌లో ఆవిడ ఇంటికి వెళ్లాలా తేలలేదు. రోడ్డుకు ఈ పక్క కొంతసేపు, ఆ పక్క కొంతసేపు నిలబడ్డాను. ఆ ఇంటి గడప తొక్కే ముఖం నాకుందా అన్నదే నా బాధ. ఎందుకో చెబుతాను. చెప్పకపోతే ఈ నాలుగు మాటలు రాయడం కూడా తప్పే అవుతుంది.

ఆ మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ ఇన్‌ఛార్జిగా చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. కాకినాడ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. అప్పటికే ఆవిడ ఇరవై ఏళ్లుగా మాత్రల ప్యాకింగ్‌లో ఉన్నారు. పొద్దున మిషన్ ఆన్ చేయగానే తల పక్కకు వంచి ఆ చప్పుడు వినేవారు. "ఇయ్యాల దీనికి పడిశం వట్టింది, మెకానిక్‌ను పిలువున్రి," అనేవారు. మెకానిక్ వచ్చి విప్పితే నిజంగానే ఏదో ఒక బేరింగ్ అరిగి ఉండేది.

ఒకసారి డబ్బాలు కలిపేసిందని ఒక పిల్ల మీద హాలంతా వినపడేలా అరిచాను. అక్క టీ టైంలో నా పక్కకు వచ్చి కూర్చున్నారు. "మేడం, నువ్వు గట్ల మొత్తుకుంటే పిల్ల చేతులు వణుకుతయి. వణికే చేతులతోని ఇంకో డబ్బ తప్పుతది. జర దగ్గరికి వోయి చెప్పు." అంతే, గ్లాసు కడుక్కుని వెళ్లిపోయారు. ఇప్పటికీ ఎవరిమీదైనా గొంతు లేవబోతే నా కాళ్లు ముందు వాళ్ల దగ్గరికి నడుస్తాయి.

కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే గుర్తింపు సంఘం కోసం ఎన్నికలు వచ్చింది ఆ తర్వాతి సంవత్సరం. రెండు సంఘాలు. ఒకటి మేనేజ్‌మెంటుకు నచ్చినది. రెండోదాని తరఫున మా హాలు వాళ్లను ఓట్లు అడిగింది అక్క. ఎన్నికలు జరిపించడానికి కార్మిక శాఖ నుంచి ఒక అధికారిని వేశారు. డ్యూటీ సమయంలో ఎవరూ ప్రచారం చేయకూడదని ఆయన నోటీసు పెట్టించారు. చేసిన మనిషిని ప్రచారం నుంచి తప్పిస్తామని కూడా అందులో ఉంది.

నోటీసు అందరికీ ఒకటే. కానీ అవతలి సంఘం వాళ్లు స్టాకు చూడాలనో, మరో వంకతోనో పని వేళలోనే లైన్ల మధ్య తిరిగేవారు. ప్రతి మిషన్ దగ్గరా ఆగి మాట్లాడేవారు. మేమంతా చూసేవాళ్లం. చూడనట్టు ఉండమని మాకు పైనుంచి మాట వచ్చింది.

అక్క మాత్రం లైన్ మీద నోరు విప్పేవారు కాదు. ఎవరైనా వచ్చి "అక్కా, మనకు గెలుపు ఉంటదా?" అని చెవిలో అడిగినా గడ్డంతో గడియారం చూపించేవారు. ఆవిడ వైపు వాళ్లే కోప్పడ్డారు. "ఆళ్లు బాజాప్తా తిరుగుతున్నరు, నువ్వేమో మూగనోము వట్టినవ్," అన్నారు. ఆవిడ ఒక్కటే అన్నారు: "ఆళ్లు తప్పు జేస్తున్నరని చెప్పాల్నంటే ముందు మన చేతులు సాఫ్ ఉండాలె."

ఆవిడ మాట్లాడింది ఒకే ఒక్క చోట. ప్యాకింగ్ హాలులోకి వెళ్లే ముందు మేమంతా చేంజ్ రూంలో బట్టలు మార్చుకోవాలి. గౌను, తలకు టోపీ, కాళ్లకు కవర్లు. పది నిమిషాలు పడుతుంది. హాజరు పడే పంచ్ మిషన్ ఆ గది దాటాక, హాలు గుమ్మం దగ్గర ఉండేది. బట్టలు మార్చుకునే సమయం డ్యూటీ కాదని, దానికి జీతం లేదని, పంచ్ పడ్డాకే డ్యూటీ అని కంపెనీ ఎన్నో ఏళ్లుగా అంటోంది. ఆ పది నిమిషాల్లో, టోపీలోకి జుట్టు దోపుకుంటూ, ఆవిడ ఆడవాళ్లతో మాట్లాడేవారు. అరిచేది లేదు, ఒట్టు వేయించుకునేది లేదు.

పోలింగుకు వారం ముందు మేనేజర్ నన్ను పిలిచారు. ఒక కాగితం ముందు పెట్టారు. ప్యాకింగ్ హాలులో, డ్యూటీ సమయంలో ఫలానా ఆపరేటర్, అంటే అక్క, ఓట్లు అడగగా నేను కళ్లారా చూశానని టైపు చేసి ఉంది. "హాల్లో కాదు సార్, చేంజ్ రూంలో," అన్నాను. "అదీ ఇదీ ఒకటేనమ్మా. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కదా?" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. నా పెన్ను కూడా ఆయనే మూత తీసి ఇచ్చారు.

సంతకం పెట్టాను. ఆ వారమంతా ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయాను. లంచ్ డబ్బా తెరిచి మూసేసేదాన్ని. బస్సులో సీటున్నా నిలబడేదాన్ని. ఆవిడ మాత్రం రోజూలాగే "తిన్నవా మేడం?" అని అడిగేవారు. ఆ రిపోర్టు మీద సంతకం ఎవరిదో ఆవిడకు తెలుసు, నకలు ఆవిడకూ ఇచ్చారు కదా.

విచారణ క్యాంటీన్ పక్క గదిలో జరిగింది. అధికారి, మేనేజర్, అక్క, నేను. అధికారి రిపోర్టు చదివి, చెప్పుకునేదేమైనా ఉందా అని ఆవిడను అడిగారు.

"ఒక్క మాట మేడంను అడుగుత సార్," అని ఆవిడ నావైపు తిరిగారు. "మేడం, నేను మాట్లాడంగ నువ్వు సూసింది నిజమే. ఏడ సూసినవ్?"

మేనేజర్ నా వైపే చూస్తున్నారు. ఆయన మీంచి చూపు తిప్పుకుని అక్కను చూశాను. చివరికి "చేంజ్ రూంలో అండీ. హాల్లో కాదు," అన్నాను.

మేనేజర్ వెంటనే అందుకున్నారు. "ఎక్కడైతే ఏంటి సార్? చేంజ్ రూం కూడా ఫ్యాక్టరీలోదే. బట్టలు మార్చుకోవడం డ్యూటీలో భాగమే."

"డ్యూటీల భాగమా సార్?" అక్క గొంతులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. "గట్లయితే పంచ్ మిషన్ గా రూం అవతలెందుకున్నది? మొన్నటిదాక డ్యూటీ కాదంటిరి. నేను రెండు మాటలు మాట్లాడంగనే డ్యూటీ అయిందా? ఏదో ఒకటి చెప్పున్రి, నేను దాని మీదనే ఉంట."

అధికారి పెన్ను కింద పెట్టి మేనేజర్ వైపు చూశారు. "చెప్పండి, ఏదో ఒకటి," అన్నారు.

అది డ్యూటీ కాదని అన్నేళ్లుగా అన్నది కంపెనీయే కాబట్టి, అధికారి ఆవిడ మీద ఫిర్యాదు కొట్టేశారు. రెండు రోజుల్లో పంచ్ మిషన్ చేంజ్ రూం ఇవతలికి, మేం లోపలికి వచ్చే గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇక బట్టలు మార్చుకునే సమయమూ డ్యూటీయే. ఆవిడను మాట్లాడనివ్వకుండా చేయడానికి వాళ్లకు దొరికిన దారి అదొక్కటే. ఆ రోజు నుంచి ఆవిడ ఆ గదిలో కూడా నోరు విప్పలేదు. "మాట్లాడే జాగ పాయె గదక్కా," అని ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంటే, "పోనీ తియ్. ఇన్నేండ్లు అడిగినా ఇయ్యని పది నిమిషాలు అందరికి వచ్చినయి. గేటు కాడ మాట్లాడుకుందం," అన్నారు.

ఆవిడ సంఘం ఓడిపోయింది. వేళ్ల మీద లెక్కపెట్టే ఓట్ల తేడా. మర్నాడు పొద్దున ఆవిడ మళ్లీ తల వంచి మిషన్ చప్పుడు విన్నారు. నన్ను పర్మనెంట్ చేయలేదు, కొన్నాళ్లకు నేను మానేశాను.

చాలా ఏళ్ల తర్వాత ఉప్పల్ బస్టాపులో కలిశారు. అప్పటికి రిటైరయ్యారు. చేతిలో మెంతికూర కట్ట. నేను అక్కడే, అంత జనంలోనే క్షమాపణ మొదలుపెట్టాను. మాటలు తడబడ్డాయి. ఆవిడ నన్ను పూర్తి చేయనిచ్చారు.

"సంతకం వెట్టింది నువ్వే, నిజం చెప్పింది నువ్వే," అన్నారు. "నాకు రెండూ యాదున్నయి బిడ్డా. ఒకటి మర్చిపోతే ఇంకోటి గూడ మర్చిపోవాలె. గట్ల మర్చిపోవుడు నాకిష్టం లేదు."

మేడం అనకుండా బిడ్డా అనడం అదే మొదలు. నన్ను క్షమించారో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. అంతకన్నా నన్ను నిలవనీయనిది వేరే ఉంది. ఆరోజు ఆవిడ అడిగారు కాబట్టి చెప్పాను. అడగకపోతే చెప్పేదాన్నా?

సోమవారం చివరికి ఉప్పల్ బస్సే ఎక్కాను. సందులో టెంటు వేశారు. రెండు సంఘాల ఆడవాళ్లూ వచ్చారు. రెండో షిఫ్టుకు వెళ్లాల్సిన వాళ్లు లంచ్ డబ్బాలతోనే వచ్చి, ఒక్కొక్కరు వంగి ఆవిడ పాదాలు తాకి, సందు చివర ఆగి ఉన్న కంపెనీ బస్సు వైపు నడిచారు. డ్రైవర్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. చివరి మనిషి ఎక్కాక బస్సు కదిలింది. కిటికీల్లో ముఖాలన్నీ ఇటే తిరిగి ఉన్నాయి, మలుపు దాటేదాకా.