అరచేతి కింద టార్చిలైటు

పటాన్‌చెరు డాక్టరు సారు పోయారని మొన్న కబురు వచ్చింది. చివరిచూపుకు వెళ్తే అక్కడ ఒకాయన, "మంచోడే గానీ నోరే చెడ్డది" అన్నాడు. ఆ నోటి సంగతి నేను చెప్పాలి. నాకు అక్షరం రాదు, చెప్పి రాయిస్తున్నాను.

ఇక్కడ ఫ్యాక్టరీలు కొత్తగా లేస్తున్న రోజులు. నా కొడుకు మా ఊరు లక్డారం నుంచి సైకిలు మీద పనికి పోయేవాడు. ఉన్నట్టుండి సైకిలు తోసుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. చూస్తే టైర్లలో గాలి నిండుగా ఉంది.

"అది నిన్ను మోస్తదా, నువ్వు దాన్ని మోస్తున్నవా?" అని నిలదీశాను. కొత్త కోడలు తలుపు చాటు నుంచి, "ఒక దిక్కు వాచిందత్తమ్మా, నొప్పి లేదంట" అంది.

వృషణం వాస్తే మా వైపు అందరూ బుడ్డ అనే అంటారు. నీరు దిగిందని, సంతలో సూదితో తీసే మనిషి దగ్గరికి పోతారు. వాడూ ఆదివారం సంతకు తయారయ్యాడు. ఆ మనిషి గోళ్లలో మట్టి చూసినదాన్ని గనుక నేను సారు దగ్గరికి లాక్కుపోయాను.

సారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. "నువ్వు బయట ఉండమ్మా" అన్నారు.

"కన్నదాన్ని. నాకు తెల్వనిది వాని తాన ఏముంది సారూ?"

మా వాడు రెండు చేతులా పంచె పట్టుకున్నాడు. చివరికి నేను గోడవైపు తిరిగి నిలబడేటట్టు ఒప్పందం కుదిరింది.

కిటికీలు మూశారు. టార్చి నొక్కిన చప్పుడైంది. ఆ చప్పుడే మళ్లీ మళ్లీ వినపడింది. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

తర్వాత నన్ను ఇటు తిప్పి, నా అరచేతి కింద టార్చి పెట్టారు. చేయి ఎర్రగా వెలిగింది. "నీరైతే వెలుగు ఇలా దాటుతుందమ్మా. వీడికి దాటలేదు. అది గడ్డ, క్యాన్సర్ కావచ్చు. అరుదుగా వస్తుంది, వస్తే ఇలాంటి కుర్రాళ్లకే. సూది గుచ్చితే చెదిరి పాకుతుంది. హైదరాబాదులో ఆ వృషణం తీయించాలి."

మా వాడు ఏడ్చాడు. "తీస్తే మగోన్ని ఎట్లయిత సారూ? ఊర్ల నవ్వుతరు. నేను సంతకే పోత."

"పోరా వెధవా. రెండూ భద్రంగా పట్టుకుని కాటికి పో. ఒకటుంటే చాలు, రెండోది అదనం. మీ ఊళ్లో అందరూ నీ పంచె ఎత్తి చూసి రాంరాం చెబుతారా?"

ఆ ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. నవ్వు ఆగకముందే సరే అన్నాడు.

తీసి పరీక్షిస్తే క్యాన్సరే. తర్వాత అది పైకి పాకకుండా పొట్టకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు, తిన్నదల్లా కక్కేవాడు. బతికాడు. ఆపైన మళ్లీ చూపించుకోవడానికి రాకపోతే సారు ఫ్యాక్టరీ గేటు ముందే నిలబడి తిట్టేవారు. అదీ ఆ నోటి చెడ్డతనం.

ఇది రాస్తున్నది వాడే. పంచె మాట దగ్గర కలం ఆపాడు. "రాయరా" అన్నాను. ఇంతలో కరెంటు పోయింది. ఆపరేషన్ అయ్యాక పుట్టిన వాడి కూతురిని టార్చి పట్టమంటే, కాగితం మీదికి పట్టకుండా తన అరచేతి కింద పెట్టుకుని ఆడుతోంది. చిన్న చేయి ఎర్రగా వెలుగుతోంది. వాడు కలం పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.