ఫాదరు గారి పలక

దేవుడు ఫాదరు గారికి రెండు చెవులూ ఒక నోరూ ఇచ్చాడు. ఆయన ఆ లెక్కను తిరగేసి వాడుకున్నారు. ఈ మాట అన్నది గిట్టనివాళ్ళెవరో కాదు, ఆయనే. కాకపోతే అరవై రెండేళ్ళు నిండి, నోరు మూతపడ్డాక అన్నారు.

చర్చి వెనక, బడి గోడనానుకుని ఒక గది ఉంది. పన్నెండేళ్ళ కిందట ఆయన దాని తలుపు మీద 'సర్వమత సంభాషణ' అని స్వయంగా రంగుతో రాసి, ప్రతి నెలా మొదటి గురువారం ఇతర మతాల పెద్దల్ని పిలవడం మొదలుపెట్టారు. మిషనరీగా బయలుదేరిన రోజుల్లో లోకమంతా తిరిగి బోధిస్తాననుకున్న మనిషి, చివరికి లోకాన్నే పద్నాలుగు కుర్చీల్లో కూర్చోబెట్టి బోధించారు. మొదట్లో కుర్చీలు చాలేవి కావు. పోనుపోను ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఇంకొకరికి మనవరాలి పరీక్షలు. మిగిలింది మసీదు ఇమాం గారు, గుడి పూజారి గారు. కిందటి నెల వాళ్ళూ రాలేదు.

బిషప్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బడికి తరగతి గదులు చాలడం లేదట. ఈ నెల కూడా ఎవరూ రాకపోతే ఆ గదిని అప్పగించాలట. ఫాదరు గారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. పూజలు ఎవరైనా చేస్తారు, పెళ్ళిళ్ళు ఎవరైనా జరిపిస్తారు. ఇన్నేళ్ళ బతుకులో తనదంటూ చెప్పుకోవడానికి ఆ గదొక్కటే ఉంది. ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి, తప్పకుండా రమ్మని బతిమాలి వచ్చారు. తీరా వాళ్ళు సరేనన్నాక గొంతు పోయింది.

డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసి, "లోపల చిన్న చిన్న కాయలు కాశాయండీ. పాటలు పాడతారా?" అని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపారు. వెంట వచ్చిన అక్క, "పాటలైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోతాయి కదమ్మా," అంది.

నెల రోజులు ఒక్క మాట కూడా వద్దంది డాక్టరమ్మ. గుసగుసలు కూడా నిషేధం. అక్క ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. భర్త పోయాక వచ్చి తమ్ముడికి వండిపెడుతోంది. నలుగురిలో 'ఫాదర్ గారూ' అంటుంది, వంటింట్లో 'ఒరేయ్' అంటుంది. బడి నుంచి ఒక పలక తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఒరేయ్, దేవుడు నీ మొర వినలేదని బాధపడకు. మా మొర విన్నాడు," అంది.

గురువారం ఏం చెయ్యాలో తోచక ఆయన పాత సమావేశాల పుస్తకం తీశారు. అందులోంచి నాలుగు మంచి ముక్కలు పూజారి గారి చేత చదివిద్దామని ఆశ. పన్నెండేళ్ళూ తాను రాసుకున్నదే. తన మాటలు పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇమాం గారి మాటలు వెతికితే 'అంగీకరించారు' అని ఉంది. పూజారి గారివి చూస్తే 'తల ఊపారు.' ఒకచోట మాత్రం, 'ఇమాం గారు ఏదో చెప్పబోయారు గానీ సమయం మించిపోయింది' అని ఉంది. తేదీ చూశారు. రెండేళ్ళ కిందట, ఇమాం గారి భార్య పోయిన నెల. ఆ రోజు పునరుత్థానం గురించి తాను గంటంబావు మాట్లాడినట్టు పైనే రాసుకున్నారు. ఫాదరు గారికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అవి ఉన్నాయని ఆయనకు గుర్తొచ్చింది కూడా అప్పుడే.

గురువారం ఇద్దరూ వచ్చారు. ఆయన పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, పలక మీద రాశారు: 'ఆ రోజు ఏం చెప్పబోయారు?'

ఇమాం గారు ఆ వాక్యం చదివి గడ్డం నిమురుకున్నారు.

"పెద్ద సంగతేం కాదండీ. శుక్రవారం నా ప్రసంగం ఎక్కువైతే మా ఆవిడ అన్నం పెడుతూ చెప్పేది, ఇవాళ సాగదీశారు అని. ఇప్పుడు అందరూ బాగుందనే అంటారు. ఆ మాట పట్టుకుని ఖాళీ ఇంటికి వెళ్ళడం కష్టంగా ఉందండీ. అంతే."

ఫాదరు గారి నోట్లో ఓదార్పు వాక్యాలు బారులు తీరాయి. ఒక్కటీ బయటికొచ్చే వీల్లేదు. పలక మీద సుద్ద పెట్టి, మళ్ళీ తీసేశారు.

పూజారి గారు గొంతు సవరించుకున్నారు. "నాదీ ఒకటుంది, బయటికి పోనివ్వకండి. ఈమధ్య మంత్రం మధ్యలో మరుపొస్తోంది. మరిచిపోయిన చోట గంట గట్టిగా కొడుతున్నాను. నాకు భక్తి పెరిగిందనుకుంటున్నారు జనం."

ఇమాం గారు పకపకా నవ్వారు. ఫాదరు గారు గబగబా రాశారు: 'నేను మరిచిపోతే ఇంకో అరగంట మాట్లాడతాను.'

"తెలుసండీ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మరుసటి నెల ఏడుగురు వచ్చారు. ఫాదరు గారికి మాట లేదని పూజారి గారు ఊరంతా చెప్పారట. గదికి ఇక ఢోకా లేదు. చిక్కల్లా ఒకటే. ముందురోజే డాక్టరమ్మ చూసి, గొంతు పూర్తిగా నయమైంది, హాయిగా మాట్లాడుకోవచ్చు అంది.

ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని, చంకలో పలక పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. టీ తెచ్చిన అక్క, "అదేంటి ఫాదర్ గారూ, నిన్న డాక్టరమ్మ..." అని మొదలుపెట్టి, తమ్ముడి మొహం చూసి, కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

పక్క కుర్చీలోంచి ఇమాం గారు మెల్లగా అడిగారు. "గొంతు ఎలా ఉందండీ?"

ఇమాం గారితో అబద్ధం చెప్పడానికి ఫాదరు గారికి చెయ్యి రాలేదు. పలకను ఒళ్ళో దాచిపెట్టుకుని రాశారు: 'బాగైంది. మళ్ళీ మొదలుపెడతానేమోనని భయంగా ఉంది.'

ఇమాం గారు చదివి, జేబురుమాలు తీసి, పలక శుభ్రంగా తుడిచి ఆయన ఒళ్ళో పెట్టారు. మిగతావాళ్ళ వైపు తిరిగారు.

"ఫాదర్ గారు ఇవాళ కూడా వింటారట. ఎవరు మొదలుపెడతారు?"