తడి గోనె కింద పాలకూర

పాలకూర తాజాదేనా అని నేనిప్పుడు ఎవరినీ అడగను. ఒకసారి అడిగాను.

కోరుట్లలో మా వాడకు కూరగంప తెచ్చే అవ్వ, తడి గోనె పైకెత్తి కట్ట చేతిలో పెడుతూ ప్రతిసారీ ఒకే మాట అనేది: "పొద్దుగాల్నే కోసిన కొడుకా."

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకనాడు బంద్ చేశాం. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, ఆమె గంపను వెనక్కి పంపినవాళ్లలో నేనూ ఉన్నాను. పోతూ పోతూ ఆమె కూడా "జై తెలంగాణ" అంది.

మర్నాడు మళ్లీ వచ్చింది. గోనె తీస్తే ఆకులు వడలి వేలాడుతున్నాయి. నీళ్లు చల్లి కట్ట చేతిలో పెట్టింది గానీ ఆ మాట అనలేదు. నోరు ఊరుకోక నేనే అడిగాను: "పొద్దుగాల్నే కోసినవా అవ్వా?"

ఆమె నావైపు చూడలేదు. ఆకులు సవరిస్తూ అంది: "బందని మనకెర్క కొడుకా. కూరకెర్కనా?"