ఎడమకు వంగిన టిక్కులు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. మా నాయన. ఐరాలలో ఆయన మేపుకున్న రెండు ఆవులు, చూసేవాళ్ళు లేక అమ్మేసినవి. ఆయన గొంతు వినకుండా గడిచిన ఆరు రోజులు. ఆదివారాలు మా ఇంట్లో సంగటి తిన్న చెల్లెలిలాంటి ఒక అమ్మాయి. చివరగా, నా లెక్క మీద నాకున్న నమ్మకం. మొన్న ఒక వైద్య విద్యార్థిని సర్వే కాగితాల కట్ట తెచ్చి నా జిరాక్సు అంగడి బల్ల మీద పెట్టి, అంకుల్, లెక్కకట్టి ఇస్తారా అని అడిగినప్పుడు ఇదంతా వరసగా గుర్తుకొచ్చింది.

నాది పదో తరగతితో ఆగిన చదువు. తిరుపతిలో మెడికల్ కాలేజీ ఎదురుగా అంగడి పెట్టాక, విద్యార్థుల సర్వే కాగితాలు చూసి చూసి, పాత పుస్తకాలు తిరగేసి ఈ పని సొంతంగా నేర్చుకున్నాను. కట్టను పైనుంచి ఒకసారి, తిరగేసి కిందినుంచి ఒకసారి లెక్కపెడతాను. రెండూ కలిస్తేనే రాసిస్తాను.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, అది కాస్త తగ్గి కాలేజీ తెరిచిన రోజుల్లో, ఏర్పేడు నుంచి వచ్చి చదువుకుంటున్న ఆ అమ్మాయి ఒక కట్ట తెచ్చింది. నన్ను అన్నా అని పిలిచేది. ఎడమచేత్తో రాసేది, సంగటి ముద్ద కూడా ఆ చేత్తోనే అందుకోబోతే మా ఆవిడ ఆటపట్టించేది. తోటి విద్యార్థులకు ఆ జబ్బు గురించి ఎంత తెలుసు, రోగులతో ఎలా మెలుగుతారు అన్నది ఆమె సర్వే. చివరి ప్రశ్న, అవసరమైతే కరోనా రోగి దగ్గరికి వెళతారా అని. నూట ఎనభై కాగితాల్లో నూట డెబ్బై ఒకటి అవునన్నాయి, తొమ్మిది కాదన్నాయి. పైనుంచీ అంతే, కిందినుంచీ అంతే.

మరుసటి వేసవిలో నాయనకు జ్వరం, ఆయాసం వచ్చాయి. ఆసుపత్రిలో ఎవరూ దగ్గరికి రారని, అక్కడ ఒంటరిగా పడి ఉండలేనని మొండికేశాడు. నేను ఆ లెక్క చెప్పాను. నా లెక్కను ఆయన ఏనాడూ కాదనలేదు. ఆయాసంలోనే నవ్వి, "ఆ తొమ్మిది మందే నాకు తగులుకుంటే ఏం జేస్తావు రా అబ్బయా?" అంటూ చొక్కా తొడుక్కున్నాడు.

మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మూడోనాడు ఫోను చేసి, నీళ్ళ సీసా మంచం కిందికి దొర్లిపోయిందని, పొద్దుటి నుంచి తీసిచ్చేవాళ్ళు లేరని చెప్పి, "నీ లెక్కలో ఆ తొమ్మిది మందే ఈడికొచ్చినట్టుండారు రా" అన్నాడు. నిష్ఠూరం కాదు, పరాచికమే. ఆ తర్వాత ఆయన ఫోను మోగలేదు. తొమ్మిదోనాడు ఆసుపత్రివాళ్ళే చేశారు.

ఏడాది తిరిగాక ఆ అమ్మాయి చదువు ముగించుకొని చెప్పిపోదామని వచ్చింది. నాయన మాట వచ్చినప్పుడు, నీ సర్వే చూసే ధైర్యంగా ఆసుపత్రికి తీసుకుపోయానమ్మా అన్నాను. ఆమె బల్ల అంచు గోకుతూ, ఊళ్ళకు పోయిన వాళ్ళు తిరిగి రాకముందే గడువు వచ్చేసిందని, కొన్ని తప్ప మిగతావన్నీ తానే నింపానని చెప్పింది. "ఎవురన్నా పోము అని రాస్తారా అన్నా? అందురూ అవుననే గదా రాసేది. నువ్వు నిజమనుకుంటావని నాకు తెలీదు."

ఆమె పోయాక, అప్పట్లో నా దగ్గరే వదిలేసిన ఆ కట్ట బయటికి తీశాను. రెండుసార్లు లెక్కపెట్టిన నేను టిక్కుల తీరును ఒక్కసారీ చూడలేదు. కాగితం తర్వాత కాగితం, టిక్కు తోక ఎడమకే వంగి ఉంది. అవన్నీ పక్కన పెడితే వేరే చేతులతో నింపినవి ఇరవై మూడు మిగిలాయి. కాదన్న తొమ్మిదీ వాటిలోనే ఉన్నాయి. భయమని నిజం రాసిన ఆ తొమ్మిది మంది మీద నాకు కోపం లేదు.

ఇప్పుడు సర్వేలు చాలావరకు ఫోన్లలోనే నడుస్తున్నాయి. లెక్క దానంతటదే పడుతుంది, చూద్దామన్నా అందులో తోకలుండవు. మొన్నటి అమ్మాయి కాగితాలే తెచ్చింది కాబట్టి, లెక్కకన్నా ముందు ఒక్కొక్క టిక్కునూ వెలుతురులో పెట్టి చూశాను. ఆ పాత కట్ట మాత్రం బల్ల కిందే ఉంది. అందులో లెక్కకెక్కి, నిజానికి ఎవరూ అడగనే అడగని వాళ్ళందరూ ఈపాటికి ఎక్కడెక్కడో డాక్టర్లై ఉంటారు. వస్తారు నాయనా అని వాళ్ళ తరఫున మాటిచ్చినవాణ్ణి నేను. వాళ్ళ జవాబులు నాకింకా రావాలి, నూట యాభై ఏడు.