చిక్కుడు తగలని గరిటె

మా ట్యూటరు మేడమ్ పోయారని మొన్న ఉదయం మధిర నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. భద్రాచలం దగ్గర మేం నర్సింగు చదివిన రోజుల్లో ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. వార్డులోకి వచ్చే ముందు చెప్పులు విడిచి, తడి చేతులు కొంగుకు తుడుచుకునేవారు.

ఆ ఏడు ఆవిడ ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి తెస్తున్నారు. నర్సుకు చేతిపనే కాక, మనిషిని అన్నివిధాలా చూసుకోవడం ఎంతవరకు వచ్చో కొలిచే ప్రశ్నావళి. ఒక్కో వాక్యానికి నర్సు తనకు తానే అయిదుకు ఎన్నో మార్కు వేసుకోవాలి. కాన్వెంటులో చదివానని అనువాదం నాకు అప్పగించారు. మనుషులతో మాట్లాడడం కంటే కాగితంతో కూర్చోవడమే నాకు తేలిక.

వాక్యాలు అందరికీ అర్థమవుతున్నాయో లేదో చూడడానికి వార్డుకు వెళ్లాం. "రోగి నమ్మకాలను గౌరవిస్తాను" అన్నచోట స్టాఫ్ నర్సు అయిదు వేసుకుంది.

"ఎందుకు అయిదు?" అన్నారు మేడమ్.

"వార్డుల దేవుడి పటం లేదా మేడమ్? పొద్దుగాల అగర్బత్తి నేనే ముట్టిస్త. ఇంకేం గావాలె?"

"అగర్బత్తి నీకా, పేషెంటుకా?"

అందరం నవ్వాం. అప్పుడే మేడమ్ చూపు కిటికీ పక్క మంచం మీద ఆగింది. దుమ్ముగూడెం వైపు అడవిపల్లె బాలింత. కాన్పులో రక్తం చాలా పోయింది. నిన్నటి నుంచి కంచం తోసేస్తోంది. ఇంటికి తీసుకుపోదామని అత్త మూట కడుతోంది. ఆ స్థితిలో కదిలిస్తే దారిలోనే ప్రాణం పోవచ్చు.

మేడమ్ వెళ్లి అత్త పక్కన నేలమీద కూర్చున్నారు. "ఏందవ్వా, మా వంట నచ్చలేదా?"

"నచ్చకేంది తల్లీ. చిక్కుడుకాయ వండిండ్రు. మా ఊళ్ల చిక్కుడు పండుగ ఇంక కాలే. దేవతకు పెట్టక ముందు మేం కొత్తకాయ ముట్టం."

"అన్నమన్న తినొచ్చు గద?"

"అదే గరిటె అన్నంల గూడ పెట్టిండ్రు."

మేడమ్ లేచి వంటగదికి వెళ్లారు. విడిగా వండించిన అన్నం, పప్పు తెచ్చారు.

"గరిటె?" అంది అత్త అనుమానంగా.

"కొత్తది. చిక్కుడు తగల్లే."

అత్త తల ఊపింది. బాలింత ముద్ద కలిపింది. మూట విప్పారు, రక్తం ఎక్కించేదాకా ఉన్నారు.

స్టాఫ్ నర్సు తన అయిదు కొట్టేసి, "ఒకటి చాలు మేడమ్" అంది.

"మూడు వేస్కో. రేపటి నుంచి అడుగుతవ్ గద" అన్నారు మేడమ్. పేషెంటును అడగకుండా అయిదు వేసుకోవద్దని ఆ తర్వాత మాకు చాలాసార్లు చెప్పేవారు. నాలాంటి నోరు విప్పని పిల్ల కూడా ఆవిడ వెనకే తిరిగి, మంచం పక్కన కూర్చుని అడగడం నేర్చుకుంది.

ఫోన్ పెట్టేశాక నా కళ్లముందు నిలిచింది మాత్రం ఆ కాసేపే. ఆ బాలింత ఆకలిగా తింటోంది. పసిగుడ్డు మేడమ్ చేతుల్లో ఉంది. తినేవాళ్లకు మొహమాటం కలగకూడదని ఆవిడ మంచానికి వీపు తిప్పి, బిడ్డను మెల్లగా ఊపుతూ, కిటికీలోంచి గోదారి వైపు చూస్తూ నిలబడ్డారు.