మీ మోటరు మీకు, మా తలుపులు మాకు

నా చిన్నప్పుడు మూడు రోజులు తలుపుల్లేని ఇంట్లో ఉన్నాను. ఆ ఇల్లు మా పెద్దనాన్నది. మోతె నుంచి కొంచెం లోపలికి పోతే వచ్చే పల్లెలో ఉండేది. మా అమ్మ పురిటికి పుట్టింటికి పోతూ నన్ను పెద్దమ్మ దగ్గర వదిలింది. అప్పుడు నాకు పదేళ్లు. ఆ తలుపులను ఊడబెరుక్కుపోయింది దొంగలు కాదు, కోదాడలోని ఒక బ్యాంకువాళ్లు.

దానికి కారణం మా ఇంటి మూలన గోనెసంచి కప్పుకొని కూర్చున్న కరెంటు మోటరు. అంతకు రెండేళ్ల ముందు బడి ముందర షామియానా వేసి బ్యాంకువాళ్లు లోన్లు పంచారట. మార్చి దాటేలోపు ఇన్ని లోన్లు ఇచ్చి తీరాలని వాళ్లకు పైనుంచి ఒత్తిడి. మా పెద్దనాన్నకు బావి ఉంది, అందులో నీళ్లూ ఉన్నాయి. కానీ ఊళ్లోకి వచ్చిన కరెంటు మా చెలక పొలాల వైపు రాలేదు. అటు ఒక్క స్తంభం కూడా లేదు. ఆయన ఆ సంగతి చెప్పనే చెప్పాడు. లోన్లు రాయించుకుంటున్న బ్యాంకు ఫీల్డాఫీసరు వినలేదు. కరెంటు ఎట్లాగూ వస్తుంది, ముందు మోటరు తీసుకో, ఇప్పుడు కాదంటే మళ్లీ దొరకదు అని తొందరపెట్టి వేలిముద్ర వేయించుకున్నాడు. మోటరు డబ్బు నేరుగా సూర్యాపేట దుకాణానికి పోయింది. పైపుల డబ్బు మాత్రం పెద్దనాన్న చేతికొచ్చింది. వారం తిరక్కముందే మోటరు ఇంటికొచ్చింది. కరెంటు రాలేదు. వాయిదాలు మాత్రం వచ్చాయి.

ఆ శనివారం జీపు వచ్చేసరికి పెద్దమ్మ చేనుకు పోయి ఉంది. వసూలుకని బ్యాంకు మనుషులు ముగ్గురు దిగారు. వీధంతా వినేటట్టు పెద్దనాన్నను పేరు పెట్టి పిలిచారు. తీసుకున్నది ఎగ్గొడతావా అని అరిచారు. చుట్టుపక్కల వాళ్లు గడపల్లో నిలబడి చూశారు. ఆయన తల వంచుకొని నిలబడ్డాడు. వాళ్లు గడ్డపారతో బందులు ఊడదీసి, రెండు తలుపులూ జీపు మీద కట్టుకొని పోయారు. పెద్దనాన్న లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుక్క ఒకటి ఇంట్లోకి వచ్చి ఆయన మంచం పక్కనుంచే నడిచిపోయింది. ఆయన దాన్ని అదిలించలేదు. నాకు ఏడుపొచ్చింది అప్పుడే.

పెద్దమ్మ గడ్డిమోపుతో వచ్చి ద్వారం ముందు ఆగింది. జరిగింది విన్నాక ఏడుస్తుందనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే.

“పోయేటప్పుడు కాయితమేమన్న ఇచ్చిన్రా?”

“ఏం ఇయ్యలే” అన్నాడు పెద్దనాన్న, గోడవైపే చూస్తూ.

“ఇయ్యలేదా? మరి ఏ హక్కుతోటి పీక్కపోయిన్రు?”

మరునాడు ఆదివారం ఆమె బడి పంతులు ఇంటికి పోయి చాలాసేపు కూర్చుంది. ఆమెకు చదువు రాదు. బ్యాంకు అప్పు ఎట్లా ఇస్తుంది, ఎవరు చూడాలి, ఏం రాయాలి అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. భూమినీ బావినీ స్వయంగా చూశాననీ, కరెంటు లైను దగ్గర్లోనే ఉందనీ ఆఫీసరు రాసి సంతకం పెడితే తప్ప ఆ లోను రాదని పంతులు చెప్పాడు. పెద్దమ్మ ఆ మాట పట్టుకొని ఇంటికి వచ్చింది.

సోమవారం పొద్దున్నే మోటరును నలుగురు పట్టి బండెక్కించారు. పెద్దనాన్న రానన్నాడు. ఆ వీధిలోంచి నడిచే ముఖం తనకు లేదన్నాడు. తలుపుల్లేని ఇంట్లో పిల్లనెట్లా వదిలేదని పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుంది. రోడ్డుదాకా బండి మీద, అక్కడినుంచి రెండు బస్సులు మారి పోయాం. బస్సు మీదికి మోటరు ఎక్కిస్తుంటే కండక్టరు ఇదేమిటమ్మా అన్నాడు.

“బ్యాంకోళ్ల సుట్టం. వాళ్లింటికి తోల్కపోతున్న. టికెట్ కొట్టు” అంది.

కోదాడలో ఇద్దరు హమాలీలు మోటరును కర్రకు కట్టి మోసుకొచ్చి, బ్యాంకు హాలు నడుమ దించారు. ఆ చప్పుడుకు కౌంటర్ల వెనక అందరూ లేచి నిలబడ్డారు. జనం మూగారు. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చాడు. కోస్తా నుంచి ఆమధ్యే బదిలీ మీద వచ్చినాయన.

“ఏంటమ్మా ఇది? ఇక్కడ పెట్టకూడదండీ” అన్నాడు.

“మీ మోటరు మీకు, మా తలుపులు మాకు. ఇచ్చేస్తే పోతం.”

“అలా కుదరదమ్మా. మీరు అప్పు తీసుకున్నారు, కట్టాలి కదా?”

“కట్టనన్ననా? ముందు మా కాయితం తెప్పియ్యి సారూ. నాకు సదువు రాదు, నువ్వే సదువు. అందరికీ ఇనబడేటట్టు సదువు.”

మేనేజరు మూగిన జనాన్ని చూసి ఫైలు తెప్పించాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ చదివాడు. “భూమిని స్వయంగా పరిశీలించాను. బావి పక్కనే కరెంటు లైను ఉంది” అని రాసుంది అందులో. ఆ రెండో వాక్యం చదివేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. కింద సంతకం చేసిన ఫీల్డాఫీసరు ఆ హాల్లోనే, మూడో బల్ల దగ్గర ఉన్నాడు. పెద్దమ్మ అతన్ని గుర్తుపట్టింది.

“ఆ సారు సూసిండట. మా బాయి ఊరికి తూర్పునున్నదా, పడమరనున్నదా? జర అడుగు.”

మేనేజరు అతనివైపు తిరిగాడు. అతను బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

“సూడనోడు సూసిన్నని రాస్తే తప్పు ఆయనది గాదా, వేలిముద్ర ఏసిన మాదా? సారూ, పైపులకని ఇచ్చిన పైసలు మేం వాడుకున్నం. యిత్తనాలు కొన్నం. అది కడ్తం, ఒక్క పైస ఉంచుకోం. కరెంటు లేని కాడ మోటరిచ్చింది మీరు. దానికి మిత్తి నేను కట్ట. తలుపులు పీకమని ఏ కాయితంల రాసుందో అది సూపియ్యి, లేకుంటే తలుపులియ్యి. నేనీడనే కూసుంట.”

అన్నట్టే మోటరుకు ఆనుకొని కూర్చుంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. లోను కోసం వచ్చిన రైతులు కొందరు మా చుట్టూ చేరారు. ఇంకో ఊరి ముసలాయన, మాకు కూడా గిట్లనే ఇచ్చిన్రమ్మా అన్నాడు. మేనేజరు లోపలికి పోయి ఫీల్డాఫీసరును పిలిపించుకున్నాడు. తలుపు మూసి ఉన్నా మాటలు బయటికి వచ్చాయి. తలుపులు తెమ్మని బ్యాంకు ఎవరికీ చెప్పలేదని, పరువు తీస్తే డబ్బు తొందరగా వస్తుందని ఆ ముగ్గురూ సొంతంగా చేసిన పని అని మాకు అట్లా తెలిసింది.

మధ్యాహ్నానికి మేనేజరు బయటికి వచ్చి, తలుపులు ఇవాళే పంపిస్తానన్నాడు. మిగతాది పైవాళ్లకు రాస్తాను, మాట ఇస్తున్నాను అన్నాడు. పెద్దమ్మ లేవలేదు.

“మాట గాదు సారూ. రాసియ్యి.”

ఆయన రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. మోటరు తీసుకున్నట్టు రసీదు కూడా రాయించుకుంది.

ఆ సాయంత్రం జీపు మళ్లీ మా వీధిలోకి వచ్చింది. తలుపులు దించింది ఆ ఫీల్డాఫీసరే. బిగించబోయాడు గాని చేతకాలేదు. అప్పటిదాకా మంచం దిగని మా పెద్దనాన్న లేచి వచ్చాడు. సుత్తి తెచ్చుకొని, వీధివాళ్లంతా చూస్తుండగా తలుపులు తనే బిగించుకున్నాడు. అతన్ని ఒక్క తిట్టు తిట్టలేదు. జరుగు అన్నాడంతే. ఆ మూడు రోజుల్లో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

అంతా ఒక్క రోజులో తేలిపోలేదు. పెద్దమ్మ ఇంకా ఎన్నోసార్లు కోదాడకు తిరిగింది. పంతులు చేత అర్జీలు రాయించింది. చివరికి మోటరు ఖరీదు, దాని మీది వడ్డీ కొట్టేశారు. పైపుల డబ్బు మూడు పంటల్లో కట్టారు. బాకీ లేదన్న కాగితం చేతికి వచ్చినరోజు పెద్దనాన్న టీకొట్టుకు పోయి, చాలా కాలం తర్వాత అందరి మధ్య కూర్చున్నాడు.

ఇదంతా ఇప్పుడు చెప్పడానికి కారణముంది. ఈ మధ్య మిర్యాలగూడలో నా అల్లుడి దుకాణం దెబ్బతిన్నది. మొదటి లోను కూడా కట్టలేకపోతున్నవాడికి ఇంకో బ్యాంకు ఫోను మీదే రెండో లోను, క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఆదాయమెంత అని అడిగినవాడు లేడు. వాయిదాలు తప్పగానే ఆ బ్యాంకు పేరు చెప్పి ఇద్దరు కుర్రాళ్లు దుకాణం ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. నా బిడ్డ ఏడుస్తూ ఫోన్ చేస్తే సూర్యాపేట నుంచి బస్సెక్కి పోయాను. ఆ కుర్రాళ్లకు కుర్చీలు వేయించి, మంచినీళ్లు ఇచ్చి, మిమ్మల్ని పంపినట్టు కాగితం చూపించండి అన్నాను. లేదన్నారు. అయితే మీరు ఎవరో నాకు తెలియదు, లేవండి అన్నాను. మర్నాడు నేనూ అల్లుడూ బ్యాంకుకు పోయాం. ఏం చూసి ఇచ్చారో రాతపూర్వకంగా అడిగాం, మేం కట్టగలిగిందేమిటో మేమూ రాసి ఇచ్చాం. ఇంకా తేలలేదు. తేలేదాకా తిరుగుతాం.

నాకిప్పుడు మోకాళ్ల నొప్పులు, చూపు తక్కువ. అయినా బ్యాంకు మెట్లెక్కేటప్పుడు నాకు భయం వేయదు. తీసుకున్నది కడతాను. కళ్లు మూసుకొని ఇచ్చినవాడి తప్పును మాత్రం నా నెత్తిన పెట్టుకోను. అప్పున్నదని నా ఇంటిముందు ఎవడైనా గొంతు పెంచితే, వాడి ముఖంలోకి సూటిగా చూస్తూ కాగితం అడుగుతాను.